కొటేషన్లు రెండు

శ్రీకాకుళం షోరూంలోకి పనసకాయ తెచ్చినదాన్ని నేనే.
పద్దెనిమిది కేజీల కవిటి కాయ.
జిగురు కారకుండా తొడిమకి బూడిద రాసి
గోనెలో చుట్టి చంకనెత్తుకొచ్చాను.

టై కట్టుకున్న గుంటడు నవ్వాడు.
"కొలవడానికి టేపుందమ్మా."
"టేపుకి ముళ్ళుంటాయేటి బాబూ?" అన్నాను.

పెద్ద కారు డిక్కీలో పదకొండు కాయలు,
వెనక సీటు మడిస్తే ఇరవై ఆరు.
లోపలంతా తెల్లటి మెత్త.
జిగురు ఒక్క చుక్క పడిందా,
నూనె రాసినా పోదు, నా వేళ్ళని అడుగు.
పక్కనే పికప్పు. ఇనప తొట్టె.
టన్ను దాకా మోస్తుందట,
ముందు మాత్రం రెండే సీట్లు.

మేం ముగ్గురం.

మరిది ఢిల్లేసు వారానికి రెండుసార్లు
సోంపేట పోయి రక్తం కడిగించుకొస్తాడు.
పాత డీజిలు బండిలో కాయల మీద గోనె పరిచి,
గోనె మీద దుప్పటి పరిచి,
దుప్పటి మీద ఆ మనిషిని పరిచి తెస్తాం.
"ఏటిరా, నొప్పా?" అని మా ఆయన అరిస్తే
ఇంజను మోతలో అదీ వినపడదు.

"మరి కరెంటు పోతేనో?
తుపానొచ్చిన ఏడు నలభై రోజులు దీపాలే మాకు."
"అప్పుడు డీజిలూ దొరకలేదు కదమ్మా."
అదీ నిజమే. గుంటడు తెలివైనోడు.

బ్యాటరీకి ఎనిమిదేళ్ళు వారంటీ, అన్నాడు.
ఢిల్లేసు నీళ్ళసీసా మూత తీసి
మూతతోనే కొలుచుకుని ఒక్క గుక్క తాగి
"నాకు ఎవులూ రాసియ్యలేదు బాబూ అలాటి కాగితం" అన్నాడు.
గుంటడు టై సర్దుకున్నాడు.
"నన్ను సూసి కొనకండి వదినా,
కాయని సూసి కొనండి."

ముందు కారు నడిపి చూశాం.
ముందర ఆయనా గుంటడూ, వెనక నేనూ ఢిల్లేసూ.
మోత లేదు, వణుకు లేదు.
షోరూం బోర్డు వెనక్కి పోతే
బండి కదిలిందని తెలిసింది.
హైవే ఎక్కాక వినపడింది,
సన్నగా, ముక్కుతో, ఏదో కూనిరాగం.
రేడియో అనుకున్నాను.
మా ఆయన!
పంతొమ్మిదేళ్ళు పక్క సీట్లో కూర్చున్నదాన్ని,
వెనక సీట్లోకొచ్చాక విన్నాను.
ఈ మనిషి బండి నడుపుతూ పాడతాడని
డీజిలు నాకెప్పుడూ చెప్పలేదు.

ఢిల్లేసుకి చూపిద్దామని తిరిగితే
అద్దానికి తల ఆన్చి నిద్రపోతున్నాడు.
నోరు కొంచెం తెరిచి,
సూది ఎక్కించే చేతిలో నరం గబగబ కొట్టుకుంటూ.

"సార్, ఇక్కడ తిప్పేయండి, ఇంతవరకే."
మా ఆయన అద్దంలో తమ్ముణ్ణి చూశాడు.
తిప్పలేదు.
నాగావళి వంతెన దాటింది. పాట ఆగలేదు.
గుంటడు రెండోసారి అడగలేదు.

కొన్నది పికప్పే.
కారు కిస్తీ ఏ చెట్టుకీ కాయదు.
రెండో కొటేషన్ మడిచి
బియ్యం డబ్బా కింద పెట్టాను, ఎందుకో.

ఇప్పుడు సోంపేట నుంచి వచ్చేప్పుడు
ముందు సీటు ఢిల్లేసుది.
వెనక తొట్టెలో కాయల మధ్య నేను,
ముళ్ళు గుచ్చకుండా కాళ్ళు ముడుచుకుని.
చిన్న కిటికీలోంచి తలలు రెండు,
ఒకటి వాలి ఉంటుంది.
చప్పుడు లేని బండి కదా,
కంచిలి దగ్గర గేదెలు తప్పుకోవు.
లేచి నిలబడి నేనే అదిలించాల,
అదీ మెల్లిగా, లోపల మనిషి లేవకుండా.
ఆయన పాడుతున్నాడో లేదో
ఈ అద్దం ఇవతలికి రాదు.
మెడ మాత్రం కొద్దిగా ఊగుతుంటుంది.